లయ దిద్దిన మందు

గుండెపోటు నుంచి బయటపడి ఇంటికి చేరిన మనిషిని ఆ రోజుల్లో ఇంకో భయం వెంటాడేది. ఛాతీకి తగిలించిన హోల్టర్ పెట్టె ఒక పగలూ రాత్రీ అతని గుండె నడకను రాసుకునేది. వేళకు ముందే ఎగిరిపడే దెబ్బలు, డాక్టర్ల మాటలో ఎక్టోపిక్ బీట్లు, ఆ కాగితం మీద ఎక్కువగా కనబడితే అతను హఠాత్తుగా కుప్పకూలే ప్రమాదం ఎక్కువ. అది నిజమే. ఆ నిజం పక్కనే ఒక ఆశ మొలిచింది. ఆ దెబ్బలను అణచగలిగితే మనిషి దక్కుతాడని. నేను చెబుతున్నది ఆ ఆశ కూలిన కథ.

దాన్ని పెంచినవి కుక్కలు, పాపం, వాటికి తెలియకుండానే. కుక్క గుండెకు నెత్తురు అందించే ధమనిని ఒక్కసారిగా బిగిస్తే చాలా కుక్కలు అక్కడికక్కడే చచ్చిపోయేవి. 1950లో శాస్త్రవేత్త సిడ్నీ హారిస్ ప్రకటించిన పద్ధతిలో ధమనిని ముందు కొంత ఇరుకు చేసి, అరగంట ఆగి, అప్పుడు పూర్తిగా ముడి వేస్తారు. కుక్క బతుకుతుంది. మర్నాటికి దాని గుండె నిండా ఎక్టోపిక్ బీట్లే. మందు ఎక్కించి అవి ఎంత తగ్గాయో లెక్కపెట్టుకోవచ్చు. దశాబ్దాలపాటు లయ మందులకు ఆ కుక్క ఒక ఒరగల్లు అయింది.

కానీ కుక్కలో ఆ దెబ్బలు పుట్టేది వేరే చోట. ధమని మూసుకుపోయినా గుండె లోపలి పొరలో బతికి మిగిలిన పర్కింజీ తంతువులు గాయపడి, తమంతట తామే విద్యుత్తు చిమ్ముతాయి. కొద్ది రోజుల్లో వాటంతట అవే సద్దుమణుగుతాయి కూడా. మనిషిని నెలల తర్వాత పడగొట్టేది అది కాదు. మానిన మచ్చ చుట్టూ, ఎక్కడో మళ్లీ నెత్తురు తగ్గిన క్షణాన, విద్యుత్తు దారి తప్పి గానుగెద్దులా తిరగడం మొదలెడుతుంది. ఎంత నెమ్మదిగా నడిస్తే అంత సులువుగా ఆ చుట్టు పూర్తవుతుంది. గుండె కణాల్లోకి సోడియం వెళ్లే దారులను మూసే లయ మందులు చేసేది ఆ నడకను నెమ్మదింపజేయడమే.

ఈ తేడాను పట్టించే కుక్కలు కూడా ఉన్నాయి. అదే నాకు అన్నిటికంటే బాధ. మిషిగన్ విశ్వవిద్యాలయంలో లుక్కేసీ బృందం పాత గాయం మానుతున్న గుండెలో, కుక్క మెలకువగా ఉండగానే, మరో ధమనిలో గడ్డ కట్టించేది. మనిషి హఠాన్మరణానికి అది ఎంతో దగ్గరి నమూనా. 1987లో వెలువడిన వారి పరిశోధనలో అలాంటి సోడియం మందు ఫ్లెకైనైడ్ ఆ కుక్కలను కాపాడలేదు.

అప్పటికే ఫ్లెకైనైడ్‌కు 1985లో, అదే కోవకు చెందిన ఎన్‌కైనైడ్‌కు 1986లో అమెరికాలో అనుమతి వచ్చేసింది. ఆ 1987లోనే, గుండెపోటు వచ్చిన మనుషుల్లో ఆ దెబ్బలను మందుతో అణచి చూసే ‘కాస్ట్’ అనే పెద్ద పరీక్ష మొదలైంది. మందు మేలు చేస్తుందా లేదా అన్నదే ప్రశ్న. కీడు చేస్తుందేమోనన్న వైపు మొదట లెక్కే వేయలేదు. అంత నమ్మకం.

1989 ఏప్రిల్‌లో పర్యవేక్షక బృందం ఆ రెండు మందులనూ పరీక్ష నుంచి ఆపేయించింది. తుది లెక్కలో సగటున పది నెలలకు, మందు వేసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తి బిళ్ల వేసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. కేవలం లయ తప్పి పోయినవారు అటు 43, ఇటు 16. మూడో మందు మోరిసిజిన్‌తో పరీక్ష సాగించారు. మొదటి రెండు వారాల్లోనే మందు వైపు 665 మందిలో 17 మందికి ప్రాణం పోయింది, లేదా గుండె ఆగింది. మందు లేని వైపు 660 మందిలో ముగ్గురికి. 1991లో అదీ ఆగిపోయింది. ఎన్‌కైనైడ్ బజారు నుంచే వెళ్లిపోయింది.

అమ్ముడైన బిళ్లలన్నీ పరీక్షలోనివి కావు. బయట ఇళ్లల్లో, రాత్రి భోజనం తర్వాత నమ్మకంగా మింగినవాళ్లను ఎవరూ ఇలా వరుసలో నిలబెట్టి లెక్కపెట్టలేదు.

ఆ పరీక్షలోకి అందరినీ తీసుకోలేదు. ముందుగా మందిచ్చి చూసి, ఎక్టోపిక్ బీట్లు అణిగినవాళ్లనే చేర్చుకున్నారు. మందు వేసుకుని చనిపోయిన ఆ 63 మందికీ మందు పనిచేసిందని ముందే తేలింది. హోల్టర్ కాగితం మీద ఆ గీత చూసి ఎవరో డాక్టరు వాళ్లతో, ఇంక భయం లేదు, అని ఉంటాడు.