ఆకాశపు వాన, ఆనకట్ట నీళ్లు: పెన్నా సీమలో క్రైస్తవుల పంట విశ్వాసం

సంగం దగ్గర పెన్నకు అడ్డంగా ఆనకట్ట కట్టింది 1882–86 మధ్య. దిగువన నెల్లూరు ఆనకట్ట అంతకుముందే, 1850ల్లో లేచింది. సంగంలో పాత కట్టడం పనిని ఇప్పుడు బ్యారేజీ అందుకుంది. 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన ఈ బ్యారేజీ కింద ఆయకట్టు 3.85 లక్షల ఎకరాలని ప్రభుత్వ లెక్క. ఇలాంటి చోట పంటకు మూలమేమిటని అడిగితే ఇంజనీరు కాలువను చూపిస్తాడు, రైతు సోమశిల జలాశయంలో ఎన్ని టీఎంసీలున్నాయో ఆరా తీస్తాడు. క్రైస్తవ రైతు చేసేదీ అదే. అయినా ధాన్యం ఇంటికి చేరాక కోత పండుగనాడు అందులో కొంత చర్చికి మోసుకెళ్తాడు. పంట ఇచ్చేది దేవుడేనన్న ఈ నమ్మకం నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఏ రూపం తీసుకుంది? లేఖనం, మిషన్ చరిత్ర, గ్రామ ఆచారాలపై జరిగిన అధ్యయనాలు అనే మూడు రకాల ఆధారాలతో ఈ ప్రశ్నను పరిశీలించవచ్చు.

లేఖనం చెప్పేది ఎంతవరకు?

ఆదికాండం మొదటి అధ్యాయంలో భూమి దేవత కాదు. అలాగని ప్రాణం లేని మట్టిముద్దా కాదు. మొలిపించమని దేవుడు భూమికే ఆజ్ఞ ఇస్తాడు. శక్తి ఆయనది, పని నేలది. మార్కు సువార్త నాలుగో అధ్యాయంలోని రైతు విత్తనం చల్లి పడుకుంటాడు, అది ఎలా పెరుగుతుందో అతనికే తెలియదు. అయితే చల్లాల్సింది, కోయాల్సింది మాత్రం అతనే. కనుక ఎరువు, కాలువ, మేలైన విత్తనం ఈ విశ్వాసానికి పోటీ కావు.

రెండో మాట మత్తయి ఐదో అధ్యాయంలో ఉంది. వాన మంచివాళ్ల పొలంలోనూ చెడ్డవాళ్ల పొలంలోనూ కురుస్తుంది. అంటే బాగా పండితే భక్తికి యోగ్యతాపత్రం దొరికినట్టు కాదు, ఎండితే శిక్ష పడ్డట్టూ కాదు. ద్వితీయోపదేశకాండంలో మాట వింటే వాన, వినకపోతే మూసుకున్న ఆకాశం అన్న హెచ్చరిక ఉన్న సంగతి నిజమే. ఈ రెండు స్వరాలూ బైబిల్లోనే ఉన్నాయి కాబట్టి ఒకదాన్నే పట్టుకుని సిద్ధాంతం చేయడం సరికాదు.

సంగం పాఠకుడికి ఆసక్తి కలిగించేది ఆ ద్వితీయోపదేశకాండం పదకొండో అధ్యాయమే. మనిషి కష్టపడి నీళ్లు పెట్టుకునే ఐగుప్తు ఒకవైపు, ఆకాశపు వానే తాగే కొండలూ లోయల దేశం మరోవైపు. ఈ కొలతతో చూస్తే సంగం ఆయకట్టు ఐగుప్తు వైపే మొగ్గుతుంది. కానీ ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. పెన్న నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప సీమలు దాటి ఇక్కడికి వస్తుంది. కాలువ నీళ్లంటే ఎక్కడో కురిసిన వానే. అది హద్దు మీరితే ఏమవుతుందో 2021 నవంబరు వరదలు చూపాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది.

కరువులో చేరినవాళ్లు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టాడు. పాతికేళ్లు గడిచినా చేరినవాళ్లు కొద్దిమందే. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాక, తాళ్లకొండపాడు ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగల్లో ఉద్యమం కదిలింది. తర్వాత 1876–78 కరువు వచ్చింది. కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

కూడు కోసం మతం మారారన్నది దీనిపై ఒక వాదన. దైవకార్యమేనన్నది మరొకటి. ఆధారాలు రెండింటినీ పూర్తిగా బలపరచవు. కరువు సాయం నడుస్తున్నంతకాలం, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఉద్యమం కరువుకు పదేళ్ల ముందే మొదలైంది. మరోవైపు, కాలువ గట్టుమీద ఏర్పడిన పరిచయమే ఎన్నో పల్లెలకు దారి తెరిచింది. 1914లో వెలువడిన క్లౌ జ్ఞాపకాల గ్రంథం కూడా ఈ సంగతి దాచలేదు. దీన్నిబట్టి ఇంతవరకు చెప్పవచ్చు: ఈ ప్రాంతంలో క్రైస్తవం పెద్దఎత్తున వేళ్లూనింది పండిన ఏడు కాదు, ఎండిన ఏళ్ల తర్వాత. వానకు దేవుడే కర్త అన్న బోధను విన్నవాళ్లు అంతకుముందే వాన రాకపోవడాన్ని చూసినవాళ్లు.

కపిల బాన, కళ్లంలో మేర

ఆ తొలి క్రైస్తవుల్లో చాలామందికి సొంత పొలం లేదు. అయినా పొలానికి నీరు వాళ్ల చేతిమీదుగానే పోయేది. మెట్ట బావుల్లో నీరు తోడే కపిల బాన తోలుతో చేసిందే. ఎద్దులు బావి వాలులో దిగుతుంటే బాన నిండుగా పైకొస్తుంది, కింద వేలాడే తోలు తొండం తెరుచుకుని నీళ్లు కాలవలో కుమ్మరిస్తుంది. తోలు పదునుచేయడం, బాన కుట్టడం, చిరిగితే అతుకువేయడం మాదిగల పని. కూలి డబ్బుల్లో కాదు, కోతలయ్యాక కళ్లంలో కొలిచే ధాన్యపు మేరలో వచ్చేది.

పేరయ్య బృందం పాటించిన నియమాలు మూడు: ఆదివారం పని మానడం, చచ్చిన గొడ్డు మాంసం ముట్టకపోవడం, విగ్రహాలకు మొక్కకపోవడం. మూడోదానితో జాతరలో మాదిగలు కొట్టే డప్పు ఆగిపోయింది. పోలేరమ్మ, అంకమ్మ కొలుపులు ఊరిని రోగాలనుంచి, కరువునుంచి కాపాడే ఉమ్మడి కార్యాలు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్, బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ 20వ శతాబ్దపు తొలినాళ్లలో గ్రామదేవతల ఆరాధనను వివరంగా నమోదుచేశారు. అలాంటి కార్యంలో డప్పు పట్టనంటే ఊరి పెద్దల కోపం ఊరికే పోలేదు. పనులు ఆగాయి, వేధింపులు వచ్చాయి. పంట ఎవరిస్తారన్న ప్రశ్నకు కొత్త జవాబు చెప్పడమంటే ఆ ఏటి మేరను పణంగా పెట్టడమే.

అలాగని పాత భయం ఒక్కసారిగా పోయిందనుకోకూడదు. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ ప్రాంతపు పల్లె క్రైస్తవులపై 1968లో ప్రచురించిన అధ్యయనం, బాప్తిస్మం తర్వాత కూడా గ్రామదేవతల పట్టు, ఊరి పండుగల ఆకర్షణ మిగిలే ఉన్నాయని చూపింది. మెదక్ పరిస్థితిని నెల్లూరుకు యథాతథంగా అంటగట్టలేం. కానీ మార్పు మెల్లగా, పొరలు పొరలుగా జరుగుతుందన్న హెచ్చరిక ఇక్కడా పనికొస్తుంది.

కోత పండుగ ఎవరి కాలమానం?

నేటి రూపంలోని కోత పండుగ మరీ పాతది కాదు. 1843లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో రాబర్ట్ హాకర్ అనే పాదిరి మొదలుపెట్టిన కృతజ్ఞతారాధన విక్టోరియా కాలంలో వ్యాపించింది. అమెరికన్ల కృతజ్ఞతా దినం నవంబరు చివర్లో వస్తుంది. నెల్లూరులో అప్పుడు ఈశాన్య రుతుపవనాల వానలు, నారుమళ్లు, నాట్లు. ప్రధాన పంట కోతలు ఫిబ్రవరి చివరనుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. అందుకే తెలుగు సంఘాలకు పండుగ తేదీ నిర్ణయించేది పరదేశపు క్యాలెండర్ కాదు, ఊరి పైరు.

ఆరోజు చర్చి ముందు భాగంలో వరి కంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, గుడ్లు చేరతాయి. ఆరాధనయ్యాక వేలం. మునక్కాయల కట్ట బజారు ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది, పాడింది ఎవరైనా డబ్బు సంఘానికే. గమనించాల్సింది తెచ్చినవాళ్లను. ఎకరం లేని కూలి మనిషి కూడా ఒక కోడిపెట్టనో పెరట్లో కాసిన సొరకాయనో తెస్తుంది. దోర్నకల్‌లో బిషప్ అజరయ్య ఈ ఇచ్చే గుణాన్ని సంఘ జీవితంలో ముఖ్య భాగంగా బోధించాడు. కృతజ్ఞత చెప్పే హక్కు పట్టాదారు ఒక్కడిదే కాదన్నది ఈ పండుగ నిశ్శబ్దంగా చేసే వాదన.

నిర్ధారణ

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే పెన్నా సీమలో ఈ విశ్వాసం నీటిపారుదలకు ప్రత్యామ్నాయంగా రాలేదు. పంటలో ఎవరికి వాటా, ఎవరికి కృతజ్ఞత అన్న లెక్కను మార్చేదిగా వచ్చింది. లేవీయకాండం ఇరవై మూడో అధ్యాయం ప్రథమఫలాల పండుగ గురించి చెబుతూ, మధ్యలోనే పొలం గట్లవెంబడి కొంత కోయకుండా వదలమని, పరిగె పేదలకు విడిచిపెట్టమని ఆదేశిస్తుంది. కోత మిషన్లు వచ్చి కూలీల కోత పని తగ్గిన ఈ రోజుల్లో, భూమి దేవుడిదని పాడే సంఘం పరిగె సంగతి కూడా మాట్లాడాలి. లేకపోతే నమ్మకం సగమే మిగులుతుంది.

సంగం నుంచి అల్లూరు దాకా ఉన్న సంఘాల పెద్దలకు ఒక మనవి. పాత కోత పండుగల కానుకల పుస్తకాలు, వేలం చిట్టాలు మీ చర్చి బీరువాల్లో ఉంటే పారేయకండి. ఏ ఏడు ఎవరు ఏం తెచ్చారో చెప్పే ఆ పేజీలే ఈ చరిత్రకు అసలైన ఆధారాలు.