తీరిపోయిన కేసు, తీరని ఆరా

సర్కారీ కొలువుకు ఎంపికైనవాళ్లు నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టు, కేసు, జరిమానా, శిక్షల గురించి వరసగా ప్రశ్నలుంటాయి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కోర్టు ఎప్పుడైనా జరిమానా వేసిందా అని అడుగుతారే తప్ప, ఎన్నేళ్ల వెనక్కి చెబితే చాలో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. పద్దెనిమిదో ఏట కట్టిన జరిమానా ముప్పై అయిదో ఏట కూడా జవాబులోకి రావాల్సిందే. ఈ అంతులేని ఆరా న్యాయం కోరింది కాదు, పోలీసు పాలన అలవాటుగా మిగిల్చిపోయింది. మన నేర చట్టాల్లో మరపుకు చోటుంది. ఉద్యోగమిచ్చేవాళ్ల కాగితాల్లోనే లేదు.

మనిషి గతాన్ని రిజిస్టరుకు కట్టేసే పద్ధతి తెలుగు నేల మీద ఎంత దూరం వెళ్లిందో బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం చరిత్రలో కనిపిస్తుంది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఎరుకలవారి కోసం స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలసింది. నేరం చేసినవాడా కాదా అన్న విచారణ లేకుండానే, పుట్టిన కులాన్ని బట్టి పేరు రిజిస్టరుకెక్కేది. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు చూపాలి. చీరాల పొగాకు కంపెనీలో ఇక్కడివాళ్లకు పని దొరికింది కాని, ఆ పని కూడా నిఘా నీడలోనే. ఆ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో, కేంద్రం 1952లో ఎత్తేశాయి. అయితే 1948లోనే మద్రాసులో 'అలవాటుపడ్డ నేరస్థుల' పేరిట మరో చట్టం వచ్చింది. నేటి పోలీసు వెరిఫికేషన్‌కు క్రిమినల్ ట్రైబ్స్ చట్టమే తల్లి అని నేననను. దాని వెనకున్న నమ్మకం మాత్రం చట్టంతోపాటు రద్దు కాలేదు. ఒకసారి స్టేషన్ రికార్డుకెక్కిన మనిషి ఎప్పటికీ అనుమానితుడే అన్న నమ్మకమది.

స్వతంత్ర భారతంలో ఆ నమ్మకం మొదట రాజకీయాల మీద పడింది. మధ్యప్రదేశ్‌లో మునిసిపల్ బడి సర్కారు చేతికి వచ్చాక, ఒక పంతులు గతంలో ఆరెస్సెస్, జనసంఘ్ కార్యక్రమాల్లో తిరిగాడని పోలీసులు నివేదిక పంపితే ఉద్యోగం తీసేశారు. 1983లో సుప్రీంకోర్టు ఆ చర్యను కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువారే. అభ్యర్థి రాజకీయ విశ్వాసాల మీద పోలీసు నివేదిక తెప్పించుకుని కొలువులిచ్చే పద్ధతి రాజ్యాంగ స్ఫూర్తికే విరుద్ధమని ఆయన గట్టిగా చెప్పారు. అంతకు చాలా ముందే, 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం తన 12వ సెక్షన్‌లో, ప్రొబేషన్ మీద విడిచిపెట్టిన వ్యక్తికి ఆ శిక్ష వల్ల ఏ అనర్హతా అంటదని రాసింది. అయితే అనర్హత పోయినా చేసిన పని చెరిగిపోదనీ, శాఖాపరమైన చర్యకు ఆ సెక్షన్ అడ్డు రాదనీ కోర్టులు తేల్చాయి. ఇక 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి అల్పమైన కేసును దాచినా యజమాని మన్నించవచ్చంది. ఉన్నదున్నట్టు చెప్పినవాడిని సైతం పూర్వచరిత్ర చూసి కాదనే అధికారాన్ని కూడా యజమానికే వదిలింది. అంటే మరపు దయాదాక్షిణ్యంగానే మిగిలింది, హక్కు కాలేదు.

ఈ చిన్న నేరాలు అసలు ఎలా పుడతాయో చూడాలి. హైదరాబాద్‌లో ఇప్పటికీ నిజాం కాలపు 1348 ఫస్లీ నాటి సిటీ పోలీసు చట్టం కింద పెట్టీ కేసులు రాస్తారు. పండక్కి పేకాటలో కూర్చున్నవాళ్ల మీద గేమింగ్ చట్టం కింద, సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర దొరికినవాళ్ల మీద జంతుహింస నిరోధక చట్టం కింద కేసు పడుతుంది. నాలుగు వాయిదాలు తిరిగితే నాలుగు రోజుల కూలి పోతుంది. అందుకే నేరం చేసినా చేయకున్నా, ఒప్పుకుని జరిమానా కట్టేసి బయటపడేవాళ్లుంటారు. ఆ కాగితం రేపు ఉద్యోగానికి అడ్డం పడుతుందని వాళ్లకు చెప్పేదెవరు? అదే నేరానికి ఎవరూ కేసు పెట్టకపోయుంటే ఏమయ్యేది? 1974 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, జరిమానా మాత్రమే పడే నేరాన్ని ఆరు నెలలు దాటాక విచారణకు తీసుకోకూడదంది. ఏడాది లోపు జైలుశిక్ష పడే నేరానికి గడువు ఏడాది. 2023 నాటి కొత్త సంహిత కూడా ఈ గడువులను అలాగే ఉంచింది. ఆరు నెలలు దాటితే రాజ్యమే పట్టించుకోని తప్పు, జరిమానా కట్టి తీర్చుకున్నవాడిని మాత్రం జీవితాంతం వెంటాడుతోంది. కోర్టుకు వచ్చినవాడికన్నా తప్పించుకున్నవాడే మెరుగైన స్థితిలో ఉండటం ఏ న్యాయం?

యజమానికి తెలుసుకునే హక్కు లేదా అని అడగవచ్చు. ఉంది. బడిలో పిల్లల దగ్గర, బ్యాంకులో ఖజానా దగ్గర ఎవరిని పెట్టాలో చూసుకోవాల్సిందే. కాని ఆ హక్కుకు హద్దు గీయడం సాధ్యమేనని, క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని మన మీద రుద్దిన బ్రిటనే 1974లో తన పౌరుల విషయంలో చూపించింది. జరిమానా పడ్డ వ్యక్తి అయిదేళ్లు మరో నేరం లేకుండా గడిపితే ఆ శిక్ష తీరిపోయినట్టేనని ఆనాటి రీహాబిలిటేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం చెప్పింది. రెండున్నరేళ్లకు మించిన జైలుశిక్షను ఆ చట్టమూ, పిల్లలతో పనిచేసే కొలువులను దాని కింద వచ్చిన ఉత్తర్వూ మినహాయించాయి. ఆ మినహాయింపులు కూడా హద్దు మీరినప్పుడు, పదకొండేళ్ల వయసులో రెండు సైకిళ్ల దొంగతనం విషయంలో పొందిన పోలీసు హెచ్చరికలను ఏళ్ల తర్వాత బయటపెట్టడం తప్పని 2014లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాచినవాడిని ఎలా నమ్మడమన్నది మరో అభ్యంతరం. అబద్ధం తప్పే, ఆ మాట కాదనను. కాని అడగకూడని ప్రశ్న అడగడం మానేస్తే, భయంతో చెప్పే ఆ అబద్ధానికి అవకాశమే ఉండదు.

మన దగ్గర బాలల విషయంలో ఈ పని ఇప్పటికే జరిగింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ అనర్హతను తొలగించి, రికార్డులను ధ్వంసం చేయమంటోంది. పెద్దల చిన్న నేరాలకు అలాంటి సాధారణ చట్టం లేదు. పైగా ఇప్పుడు ఐటీ కంపెనీల తరఫున ఆరా తీసే ఏజెన్సీలకు స్టేషన్ దాకా వెళ్లే పని కూడా తప్పింది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరు కొడితే పాత కేసు పైకి వస్తుంది. జరిమానాతో పోయిన కేసును అయిదేళ్ల తర్వాత అటెస్టేషన్ ఫారం అడగకూడదని, ఏజెన్సీలు నివేదికలో రాయకూడదని పార్లమెంటు చట్టం చేయాలి. దానికోసం ఎదురుచూడకుండా, తమ సొంత నియామకాల వరకు ఆ గడువును రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు వెంటనే ఫారంలోకి తేవాలి.