గొంతు ముందు, బొమ్మ తర్వాత

చేర్యాల నకాశీ చిత్రకారుడు పటం గీయాలంటే ముందు చెవి ఒగ్గి వినాలి. పటం కావాలని వచ్చిన కథకుడు ఎదురుగా కూర్చుని కథ చెబుతాడు. ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టం, ఎవరు ఎటు తిరిగి ఉండాలి, ఏ పాత్రకు ఎక్కువ చోటు ఇవ్వాలి అన్నది ఆయన నోట విన్నదే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పట్టించి ఆరబెట్టాక, ఎర్రటి నేల మీద ఆ విన్న కథ గడి తర్వాత గడిగా దిగుతుంది. కంప్యూటర్‌లో త్రీడీ యానిమేషన్ చేసేవాళ్లదీ ఇదే వరుస. ముందు గొంతు రికార్డు చేస్తారు, దాన్ని టైమ్‌లైన్ మీద పరుస్తారు, బొమ్మ దాని వెంట నడుస్తుంది.

ఉత్తర తెలంగాణకు ఈ వరుస కొత్తేమీ కాదు. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో కులపురాణాలు చెప్పి బతికిన ఆశ్రిత కులాలు తరాల తరబడి పటం పట్టుకునే తిరిగాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. గౌడులకు గౌడ జెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. దాత కులం ఒకటి, దాన్ని ఆశ్రయించిన కథకుల కులం ఒకటి. ఎవరి ఊళ్లు వాళ్లవి, ఎవరి హక్కు వాళ్లది. సిరిసిల్ల లాంటి నేతన్నల ఊళ్లలో పులినెక్కిన భావనాఋషి కథ అంటే మగ్గం మీది మనిషికి తన ఇంటి చరిత్రే. చేర్యాల 2016 జిల్లాల పునర్విభజనలో సిద్దిపేటలోకి వచ్చింది గాని, అక్కడ గీసిన పటాలు ఏనాడూ జిల్లా హద్దులు చూడలేదు.

పటం నిలువునా సాగేది. మూడడుగుల వెడల్పు, పొడవు మాత్రం కథను బట్టి నలభై, యాభై అడుగుల దాకా. దాన్ని గుంజలకు కట్టి, చుట్ట విప్పుతూ, జరిగిపోయిన కథను మళ్లీ చుట్టేస్తారు. జనానికి కనిపించేది ఎప్పుడూ ఒక భాగమే. కథకుడు కర్రతో బొమ్మను చూపిస్తాడు, వంతపాటగాళ్లు అందుకుంటారు, హార్మోనియం, తాళం, డోలు నడక పట్టుకుంటాయి. రాత్రుల తరబడి సాగే ఈ పనిలో కాలం కథకుడి చేతిలో ఉంటుంది. జనం ఏడుస్తుంటే ఒకే బొమ్మ మీద కర్ర పెట్టి పాటను సాగదీస్తాడు, నిద్రకు తూగుతుంటే నాలుగు గళ్లు గబగబా దాటేస్తాడు. బొమ్మ కదలదు. కదిలేది గొంతు. చూసేవాడికి మాత్రం బొమ్మే కదిలినట్టుంటుంది. ఇది యానిమేషన్ కాదనడానికి పెద్ద గుండె కావాలి.

గుడ్డ మీది బొమ్మతో సరిపెట్టుకోనివాళ్లూ ఉన్నారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవాళ్లు చెక్కబొమ్మలు వాడతారు. తేలికైన పొనికి కర్ర, రంపపు పొట్టు, చింతగింజల ముద్ద, పైన సుద్ద, ఆ పైన రంగు. రాజులు, వీరులు, ఆవులు, దేవతలు అన్నీ పెట్టెలో ఉంటాయి. కథలో పేరు రాగానే ఆ బొమ్మ బయటికొస్తుంది. పేరు పలకకముందు బొమ్మ తీయడమంటే కథను చెడగొట్టుకోవడమే. ఈ పొనికి కర్రతోనే గోదావరికి అవతల నిర్మల్ బొమ్మలు తయారయ్యాయి. ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉన్నప్పుడే నిర్మల్ బొమ్మకు దేశమంతటా పేరొచ్చింది; నిర్మల్ పనివాళ్లనూ నకాశీలనే పిలుస్తారు. నిర్మల్ పండ్లు, పక్షులు షోకేసు ఎక్కాయి. మందహెచ్చుల బొమ్మలు మాత్రం కథకుడి పక్కన ఉన్నంతసేపే బతికాయి. గొంతు లేకుండా వాటిని గాజు అద్దాల వెనక పెడితే ఎవరు పోతరాజో, ఎవరు కాటమరాజో చెప్పేదెవరు?

అసలు బొమ్మే అక్కర్లేదన్నది ఒగ్గు కథ. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒక్కడే నిలబడి మల్లన్న అయ్యేవాడు, మేడలమ్మ అయ్యేవాడు, మరుక్షణం ఇద్దరినీ వెక్కిరించే పక్కవాడూ అయ్యేవాడు. గొంతు మారితే మనిషి మారినట్టే. డబ్బింగ్ థియేటర్లలో ఒకే కళాకారుడు నాలుగు పాత్రలకు చెప్పడం గొప్పగా చెప్పుకుంటారు. ఒగ్గు పూజారి ఆ పనిని ఎగురుతూ, దరువు తప్పకుండా, రీటేక్ లేకుండా చేస్తాడు.

గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి వెళితే కథ మొత్తం తీగల మీద ఉంది. రాజగోండుల వంశగాథలు చెప్పే బాధ్యత ప్రధానులది, తోటీలది. వాళ్ల చేతిలో కమానుతో వాయించే కిక్రి. గోత్రదేవుడు పెర్సపేన్ పూజలో గోత్రగాథ పాడకపోతే పూజ పూర్తికాదు. 1940లో జోడెఘాట్‌లో కుమురం భీం చనిపోయాక నిజాం సర్కారు కోరిక మీద వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ మార్లవాయిలో ఉండి ఈ గాథలను, పూజలను ఎంతో ఓపికగా రాసిపెట్టాడు. 1948లో వచ్చిన ఆయన రాజగోండుల పుస్తకంలో వీటికి పెద్ద చోటే ఉంది. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. రాత నిలిచింది. కిక్రి మీద విల్లు ఎక్కడ ఆగుతుందో, పాడేవాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో ఏ లిపీ పట్టుకోలేదు. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి కార్యక్రమాల విలువ అక్కడే తెలుస్తుంది.

బొమ్మ శబ్దం వెంట నడవాలన్న పాఠాన్ని సినిమావాళ్లు డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నారు. 1928లో డిస్నీ ‘స్టీమ్‌బోట్ విల్లీ’కి శబ్దం జోడించబోతే న్యూయార్క్‌లో మొదటి రికార్డింగ్ బెడిసికొట్టింది, వాద్యబృందం వేగానికి, తెర మీది మిక్కీ అడుగులకు పొంతన కుదరలేదు. చివరికి ఫిల్మ్ మీద ఎగిరే గుర్తు ఒకటి వేసి, దాన్ని చూస్తూ వాయించమన్నారు. నిజానికి ఆ చిత్రం గీయడానికి ముందే డిస్నీ బృందంలోని విల్‌ఫ్రెడ్ జాక్సన్ మెట్రోనోమ్ పెట్టుకుని ఒక్కో దరువుకు ఎన్ని ఫ్రేములు పడతాయో లెక్క కట్టాడు. సెకనుకు 24 ఫ్రేములైతే, సెకనుకు రెండు దెబ్బలు పడే పాటలో ప్రతి దెబ్బకూ 12 బొమ్మలు. తెలుగు తెర ‘భక్త ప్రహ్లాద’తో 1932లో మాట్లాడింది. అప్పటికే కార్టూన్లవాళ్లు లెక్కల్లో పడ్డారు.

ఈ లెక్కే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కడుపులో ఉంది. మన కుర్రాళ్లలో చాలామంది నేర్చుకునే బ్లెండర్‌నే చూద్దాం. నెదర్లాండ్స్‌లో టోన్ రోసెండాల్ 1994లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం, కంపెనీ మూతపడ్డాక 2002లో జనం వేసుకున్న లక్ష యూరోల చందాతో విడుదలై అందరిదీ అయింది. పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది కాబట్టే జిల్లా కేంద్రంలో డిగ్రీ చదివే పిల్లాడికీ అందుతోంది. 2.5 తరంతో అందులోకి ఆడాస్పేస్ అనే శబ్ద వ్యవస్థ వచ్చింది. ఆడియో క్లిప్పును వీడియో సీక్వెన్సర్‌లో పెడితే అలల బొమ్మ కనిపిస్తుంది. స్క్రబ్బింగ్ ఆన్ చేసి టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ లాగితే ఏ ఫ్రేములో ఏ ముక్క పలుకుతుందో వినిపిస్తుంది.

కొత్తగా చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. దృశ్యం బరువెక్కితే కంప్యూటర్ సెకనుకు 24 ఫ్రేములు చూపలేక పదో పన్నెండో చూపిస్తుంది. పాట మాత్రం తన దారిన పోతుంది. బొమ్మ పెదవి ఆలస్యంగా కదిలిందనుకుని కీఫ్రేములన్నీ ముందుకు జరుపుతారు. తీరా రెండర్ అయ్యాక చూస్తే మాటకంటే ముందే నోరు తెరుచుకుంటుంది. ప్లేబ్యాక్‌ను ‘సింక్ టు ఆడియో’కు మారిస్తే ప్రోగ్రామే అందుకోలేని ఫ్రేములను వదిలేసి శబ్దం వెంట పరుగెత్తుతుంది. కథకుడు జనం కోసం నాలుగు గళ్లు దాటేసినట్టే, ఇక్కడ యంత్రం పాట కోసం బొమ్మల్ని దాటేస్తుంది.

అంకెలూ కలిసిరావాలి. 48,000 శాంపిళ్ల ఆడియోకు 24 ఫ్రేముల వేగంలో ఒక్కో ఫ్రేముకు సరిగ్గా 2,000 శాంపిళ్లు, 25 ఫ్రేములైతే 1,920. అమెరికా టీవీ లెక్క 29.97కు వెళితే భాగహారం తెగదు. సగం పనయ్యాక ఫ్రేమ్‌రేటు మారిస్తే పెదవులు, మాటలు ఒకదానికొకటి దూరమవుతూ పోతాయి. పది సెకన్ల ముక్కలో కనిపించని తేడా పది నిమిషాల కథలో బయటపడుతుంది.

పెదవుల పని మరో లోకం. ఇంగ్లిష్ కార్టూన్ల కోసం తయారైన నోటి ఆకారాల పట్టికలు డజనులోపే ఉంటాయి. రూబార్బ్ లాంటి ఉచిత లిప్‌సింక్ పనిముట్టుకు ఇంగ్లిష్ మాటలు గుర్తుపట్టే పద్ధతి ఒకటి, ఏ భాషకైనా ధ్వనిని బట్టి పోయే పద్ధతి ఒకటి ఉన్నాయి. తెలుగుకు రెండోదే గతి. అందులోనూ చేతి దిద్దుబాటు తప్పదు, ఎందుకంటే మన ద్విత్వాల సంగతి దానికి పట్టదు. ‘అమ్మ’, ‘అబ్బ’, ‘ఎప్పుడు’ అన్నప్పుడు పెదవులు మూసుకుని కాసేపు ఆగుతాయి. ఆ రెండు మూడు ఫ్రేములు ఇవ్వకపోతే బొమ్మ ‘అమ’ అన్నట్టుంటుంది. కరీంనగర్ యాసలో ‘గిట్ల జెయ్యి రా’ అనే చోట చివరి అచ్చు సాగుతుంది. పుస్తకం మాట కోసం కట్టిన నోరు ఆ సాగును మింగేస్తుంది. యాసను ముందు రికార్డు చేసి తర్వాత నోరు కట్టినవాళ్లు గెలిచారు. ముందు నోరు కదిలించి తర్వాత డబ్బింగ్ చెప్పించినవాళ్ల బొమ్మలు పరాయి ఊరివాళ్లలా మాట్లాడతాయి.

ఇంకో సదుపాయం ఉంది: శబ్దం ఎత్తుపల్లాలను నేరుగా కదలికగా మార్చడం. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా గోండుల గుస్సాడీ నాట్యంలోని నెమలి కిరీటం ఈకలు దానంతటవే ఊగేలా చేయొచ్చు. చూడ్డానికి బాగుంటుంది గాని నమ్మడానికి లేదు. గుమేల దెబ్బో, పెప్రె ఊదుడో, గజ్జెల గలగలో యంత్రానికి తేడా తెలియదు, గట్టిగా ఉన్నదే దానికి కదలిక. మార్లవాయి గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది ఆ అడుగు దరువులో ఎక్కడ పడాలో తెలిసినందుకే. ఈకల వరకు యంత్రానికి వదిలి, కాలు మాత్రం చేత్తో కట్టడం మేలు.

అసలు మాటే లేని బొమ్మలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో 2001లో రాజీవ్ చిలక మొదలుపెట్టిన గ్రీన్‌గోల్డ్ 2008లో ఛోటా భీమ్‌ను తెచ్చింది. అదే సంస్థ 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌కు ఇచ్చిన త్రీడీ సీరియల్ ‘మైటీ లిటిల్ భీమ్’లో బుడ్డోడు మాట్లాడడు. కేకలు, నవ్వులు, కుండ పగిలిన చప్పుడు, పాట. 2012లో రాజమౌళి ‘ఈగ’లోనూ నాని చనిపోయి ఈగయ్యాక హీరోకు డైలాగే లేదు, మకుట స్టూడియో గ్రాఫిక్స్‌కు జాతీయ అవార్డు వచ్చింది గాని, ఆ ఈగ కోపం సగం రెక్కల రొదలోనే వినిపించింది. 2025లో ఆస్కార్ గెలిచిన లాట్వియా చిత్రం ‘ఫ్లో’ను బ్లెండర్‌లోనే చేశారు, అందులోనూ ఒక్క మాట ఉండదు. మాట తీసేసినప్పుడు శబ్దం బరువు ఇంకా పెరుగుతుందని ఈ మూడూ చూపించాయి. మన తోలుబొమ్మలవాళ్లకిది తెలుసు. యుద్ధం వచ్చినప్పుడు కాలికింద చెక్కపలకలు తొక్కి, గజ్జెలు మోగించి తెర వెనక సైన్యాన్ని నడిపారు.

ఇంత గొంతు సంపద ఉన్న నేల మీద త్రీడీ పని నేర్చిన పిల్లలకు వాడుకోదగ్గ ఆడియో దొరకడం లేదన్నది అసలు చిక్కు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ గంగవ్వ మాటను ప్రపంచమంతా వినిపించింది. ఊరి గొంతుకు గిరాకీ ఉందని తేలిపోయింది. కూనపులి కథలో, కాటమరాజు కథలో ఆన్‌లైన్‌లో ఉన్నవి మాత్రం ఎక్కువగా ఫోనులో దూరం నుంచి పట్టినవి. డోలు, తాళం, పిల్లల గోల, కథకుడి గొంతు అన్నీ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉంటాయి. బ్లెండర్‌లో స్పీకర్ వస్తువును దృశ్యంలో ఒక చోట నిలబెట్టి, కెమెరా దగ్గరికొస్తే శబ్దం పెరిగేలా చేయొచ్చు. అది మోనో క్లిప్పులతోనే పనిచేస్తుంది, వాద్యానికో ట్రాకు విడిగా ఉంటేనే అక్కరకొస్తుంది.

కాబట్టి ఈ కథలు చెప్పే పెద్దలు ఎరుకలో ఉన్నవాళ్లు, బొమ్మ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు గొంతు పట్టండి. కథకుడికి ఒక మైకు, డోలుకు ఒకటి, వంతకు ఒకటి; 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు; మొదట్లోనే కథకుడి చేత తన పేరు, ఊరు, చెప్పబోయే ఘట్టం చెప్పించండి. ఏ పనికి వాడతారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఆ రాత్రి కూలి చేతిలో పెట్టిన తర్వాతే రికార్డర్ ఆపండి.