మల్బరీ తోటకు ఎరువులు: ఏది, ఎంత, ఎప్పుడు వేయాలి?

మల్బరీని ఏడాదికి ఐదుసార్లు కోస్తాం. కోసిన ప్రతిసారీ ఆకు, కొమ్మ రూపంలో పోషకాలు తోట దాటి షెడ్డులోకి పోతాయి. వాటిని తిరిగి నేలకు ఇవ్వకపోతే రెండు మూడేళ్లలో ఆకు చిన్నదై, పసుపు రంగుకు తిరిగి, దిగుబడి పడిపోతుంది.

నీటి వసతి ఉన్న వి-1 రకం తోటకు ఎకరాకు ఏడాదికి 8 టన్నుల బాగా చివికిన పశువుల ఎరువు అవసరం. దీన్ని 4 టన్నుల చొప్పున రెండు దఫాలుగా, కొమ్మలు కత్తిరించిన వెంటనే వేసి దున్నాలి. పచ్చి పేడ వేస్తే కలుపు విత్తనాలు, వేరుపురుగు వెంట వస్తాయి. పశువుల ఎరువు చాలనప్పుడు వర్షాకాలంలో సాళ్ల మధ్య జనుము గాని జీలుగ గాని చల్లి, పూతకు వచ్చే సమయంలో కలియదున్నండి.

రసాయనిక ఎరువుల సిఫారసు ఎకరాకు ఏడాదికి 140 కిలోల నత్రజని, 56 కిలోల భాస్వరం, 56 కిలోల పొటాష్. ఐదు పంటలకు సమానంగా పంచితే ఒక్కో పంటకు సుమారు 60 కిలోల యూరియా, 70 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 19 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పడుతుంది. డి.ఎ.పి. వాడేవారు పంటకు 25 కిలోలు వేసి, సూపర్ మానేసి, యూరియాను 50 కిలోలకు తగ్గించుకోవాలి. మట్టి పరీక్ష చేయించి ఉంటే ఆ ఫలితాన్ని బట్టి మార్చుకోండి.

ఎరువు ఎప్పుడు వేయాలన్నది మోతాదు అంత ముఖ్యం. కోత తర్వాత 12-15 రోజులకు కొత్త చిగుళ్లు వచ్చాక, కలుపు తీసి, మొదళ్లకు జానెడు దూరంలో చాలు తీసి వేసి, మట్టి కప్పి నీరు పెట్టండి. ఎండిన నేలపై యూరియా చల్లి వదిలేస్తే చాలా భాగం గాలిలో కలిసిపోతుంది.

ఆకు ముదురు ఆకుపచ్చగా కనిపించాలని ఒక బస్తా యూరియా అదనంగా వేసే రైతులున్నారు. ఇక్కడే నష్టం వస్తుంది. నత్రజని ఎక్కువైన ఆకులో నీటి శాతం పెరుగుతుంది, మెత్తబడుతుంది. పురుగు తినే మొత్తం ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా నాలుగో జ్వరం లేచాకే తింటుంది. ఆ దశలో ఇలాంటి ఆకు పడితే పడకలు తడిసి, ఫ్లాచరీ, గ్రాసరీ సోకే అవకాశం ఎక్కువ. దాణా, కూలి, గుడ్ల ఖర్చు అంతా పెట్టాక, గూడు కట్టే వారం ముందు పంట పోతుంది. పొటాష్ వేయకుండా యూరియాతో సరిపెట్టడం కూడా ఇదే కోవలోది. ఎక్కువమంది ఎగ్గొట్టేది పొటాషే.

షెడ్డులో మిగిలిన కొమ్మలు, ఆకు, పురుగుల విసర్జితం మంచి ఎరువే. గుంటలో పేడనీళ్లతో పొరలు పొరలుగా వేసి, నాలుగైదు నెలలు చివకనివ్వండి. రోగం తగిలిన పంట వ్యర్థాలను మాత్రం అందులో కలపవద్దు. వాటిని బ్లీచింగ్ పొడి చల్లి షెడ్డుకు, తోటకు దూరంగా లోతుగా పాతిపెట్టాలి. నేరుగా తోటలో వేస్తే ఆ రోగం తర్వాతి పంట ఆకుతో పాటు తిరిగి షెడ్డుకే చేరుతుంది.

అజటోబాక్టర్ వంటి జీవన ఎరువు వాడేటప్పుడు దాన్ని చివికిన పశువుల ఎరువులో కలిపి వేయాలి గాని యూరియాతో కలపకూడదు. రెండింటికీ మధ్య కనీసం వారం రోజుల ఎడం ఉంచండి.