బొడ్డు చుట్టూ సూదులు – ఒక పాత భయం

ఎదిగిన కుక్కను ఇంటికి తెచ్చుకుందామనగానే కోనసీమ పెద్దలు ‘బొడ్డు చుట్టూ 14 సూదులు’ గుర్తుచేస్తారు. ఆ భయానికి చరిత్ర ఉన్నది. 1885లో పారిస్‌లో లూయీ పాశ్చర్ రేబిస్ టీకాను ఒక బాలునికి ఇచ్చి బ్రతికించాడు. మద్రాసు రాజధానిలో మాత్రం పాశ్చర్ సంస్థ వెలసినది 1907లో, నీలగిరులలోని కూనూరులో. అమలాపురం, రాజోలు అప్పుడు ఆ రాజధానిలోనివే. గోదావరి పాయలు దాటి అంతదూరం పోగలవారెందరు? తరువాత, 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలిలో రూపొందించిన, గొర్రె మెదడు నుండి తీసే టీకా దాదాపు శతాబ్దకాలం మన ఆసుపత్రులలో నిలిచినది. అరుదుగానైనా అది పక్షవాతమూ తెచ్చేది. 2005 నాటికి కనుమరుగైనది. ఇప్పటి సూది భుజానికే.

కుక్కల సంగతీ మారినది. 1992లో అక్కినేని అమల హైదరాబాదులో బ్లూ క్రాస్‌ను ఆరంభించారు. 2001 నాటి కేంద్ర నిబంధనలు వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించాలన్నవి. ఆశ్రయం నుండి సంకరజాతి కుక్కను తెచ్చుకునే ముందు ఈ రెండూ జరిగినట్లు చీటీ అడిగి చూడండి. కూన పెరిగి ఎలాంటిదవుతుందో చెప్పలేము. ఎదిగినదాని సాధుగుణం అక్కడే కనబడుతుంది. నా మొగ్గు దానివైపే. పశువైద్యుడు చెప్పిన గడువుకు టీకా మళ్ళీ వేయించండి. పంటిగాటు పడితే, పెంపుడుదైనా సరే, 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. పసరు, కారం పూయకండి.