స్ప్రింగుకు పగ్గం: మోటార్‌సైకిల్ ముందు ఫోర్క్ పరిణామం

మోటార్‌సైకిల్ ముందు ఫోర్క్ మీద మూడు బాధ్యతలుంటాయి. అది చక్రాన్ని మలుపు తిప్పాలి, బ్రేకు వేసినప్పుడు ముందుకు పడే భారాన్ని మోయాలి, గతుకుల దెబ్బను మింగాలి. మొదటి రెండింటికి గట్టిదనం కావాలి, మూడోదానికి కదలిక కావాలి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి ఒక్కో కాలం ఒక్కో దారి వెతికింది. పాత బండి ఫోర్క్‌ను సర్దేవారు ముందుగా తెలుసుకోవలసింది అది ఏ దారికి చెందినదో.

తొలి బండ్లు చాలావరకు సైకిల్ చట్రానికి ఇంజను బిగించినవే. వాటి ఫోర్క్‌లో కదలిక లేదు. రోడ్డు మీది ప్రతి రాయీ నేరుగా చేతులకు తగిలేది. వేగం పెరిగాక స్ప్రింగు తప్పనిసరైంది. అమెరికాలో హార్లే-డేవిడ్‌సన్ 1907లో స్ప్రింగర్ ఫోర్క్ తెచ్చి, పెద్ద బండ్లపై 1948 దాకా వాడింది. ఇండియన్ కంపెనీ లారీ కమాను పట్టీల వంటి ఆకు స్ప్రింగును ఎంచుకుంది.

బ్రిటన్‌లో గర్డర్ ఫోర్క్ రాజ్యమేలింది. డ్రూయిడ్, వెబ్, బ్రాంప్టన్ పేర్లు ఆ కాలానివే. చక్రాన్ని పట్టిన గట్టి చట్రం మొత్తం, పైనా కిందా ఉన్న లింకుల మీద పైకీ కిందకీ కదులుతుంది. వెబ్ తరహాలో నడుమ పీపా ఆకారపు స్ప్రింగు ఉంటుంది. అయితే స్ప్రింగు మింగిన శక్తిని తిరిగి కక్కుతుంది. గతుకు దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడానికి లింకుల పక్కన రాపిడి బిళ్లలు అమర్చి, చేత్తో బిగించే మరను పెట్టారు.

గర్డర్ సర్దుబాటు చేతివేళ్లకు తెలిసే పని. వెబ్ తరహా ఫోర్క్‌లో లింకు ఇరుసుల మీద గరుకు అంచున్న వాషర్లు ఉంటాయి. ఇరుసును బిగించాక ఆ వాషరు వేళ్లతో తిప్పితే కాస్త బిగువుగా తిరగాలి. అసలు తిరగకపోతే ఫోర్క్ పట్టేస్తుంది, మరీ తేలిగ్గా తిరిగితే పక్కలకు ఆడుతుంది. గ్రీజు ఎండితే ఇరుసులూ బుష్‌లూ త్వరగా అరుగుతాయి.

రాపిడికి ఒక పుట్టు లోపం ఉంది. కదలిక లేనప్పుడే దాని పట్టు ఎక్కువ. అందువల్ల చిన్న గతుకుకు ఫోర్క్ కదలనే కదలదు. ఊపును ఆపడానికి నూనెను వాడితే, దాని గుణం ఇందుకు తలకిందులు. నిలకడగా ఉన్నప్పుడు అది అడ్డుపడదు, వేగం పెరిగేకొద్దీ అడ్డు పెరుగుతుంది. గొట్టంలో గొట్టం జారే టెలిస్కోపిక్ రూపాన్ని ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ స్కాట్ 1908 నాటికే వాడాడు కానీ, అందులో నూనె అదుపు లేదు. డెన్మార్క్ నింబస్ 1934లో టెలిస్కోపిక్ ఫోర్క్‌తో వచ్చింది. నూనె అదుపున్న ఫోర్క్‌ను ఉత్పత్తి బండ్లలో తొలిసారి పెట్టింది బీఎండబ్ల్యూ. 1935 నాటి ఆర్12, ఆర్17 ఆ బండ్లు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ మార్పును వేగిరపరిచింది. బ్రిటిష్ సైన్యం కోసం మ్యాచ్‌లెస్ 1941లో జీ3/ఎల్ బండికి టెలిడ్రాలిక్ అనే టెలిస్కోపిక్ ఫోర్క్ బిగించింది. యుద్ధానంతరం నార్టన్ రోడ్‌హోల్డర్ ఫోర్క్ పేరు తెచ్చుకుంది. 1949లో హైడ్రా-గ్లైడ్‌తో హార్లే కూడా టెలిస్కోపిక్‌కు మారింది. ఒప్పుకోనివారూ ఉన్నారు. జారే గొట్టాలు వంగుతాయని భావించిన ఫిలిప్ విన్సెంట్ తన సిరీస్ సీ బండ్లకు గర్డర్ గట్టిదనాన్నీ నూనె అదుపునూ కలిపిన గర్‌డ్రాలిక్ ఫోర్క్ ఇచ్చాడు. ఎర్నీ ఎర్ల్స్ రూపొందించిన ఫోర్క్ బ్రేకు వేసినా ముక్కు దించదు. బీఎండబ్ల్యూ 1955 నుంచి 1969 వరకు దాన్ని వాడి, తిరిగి టెలిస్కోపిక్‌కే వచ్చింది.

భారత సైన్యం ఎంచుకున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ తయారీకి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. 1961లో మైసూరు నుంచి జావా వచ్చింది. రెండింటివీ టెలిస్కోపిక్ ఫోర్కులే. తెలుగు ఊళ్ల మెకానిక్ షెడ్లలో ‘ముందు షాకబ్జర్లు’ అనేది ఈ గొట్టాలనే.

బుల్లెట్, జావా తరం ఫోర్క్‌లో నూనె స్థిరమైన రంధ్రాల గుండా దూరుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు సుమారు నాలుగింతలవుతుంది. కాబట్టి పల్చటి నూనె పోస్తే బ్రేకు వేసినప్పుడు ముక్కు గబుక్కున దిగుతుంది. చిక్కటిది పోస్తే పదునైన గతుకు చేతులకు కొడుతుంది. రెండింటి నడుమ బండికి సరిపడే చిక్కదనం ఎంచుకోవాలి.

నూనెకు ముందు చూడవలసినవి ఉన్నాయి. ముందు చక్రాన్ని పైకెత్తి, ఫోర్క్ అడుగు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే కోన్‌సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో, ఆట ఉందో లేదో తెలుస్తుంది. గొట్టాన్ని అద్దం పలక మీద దొర్లిస్తే వంపు బయటపడుతుంది. ఆ తర్వాత పాత నూనె తీసి, రెండు కాళ్లలోనూ కొలిచి సమానంగా పోయాలి. నూనె మట్టం పెరిగితే పైనున్న గాలికి చోటు తగ్గి, ప్రయాణం చివర్లో ఫోర్క్ గట్టిపడుతుంది. ఇరుసును బిగించాక కాళ్ల అడుగు బోల్టులను వదులుగా ఉంచి, బ్రేకు పట్టి బండిని నాలుగైదుసార్లు కిందకు నొక్కాలి. గొట్టాలు వాటి దారిలో కుదురుకున్నాకే ఆ బోల్టులను బిగించాలి. చివరిది కుంగుబాటు కొలత. చక్రం గాలిలో ఉన్నప్పుడూ, మనిషి కూర్చున్నాకా ఫోర్క్ పొడవు కొలిస్తే, ఆ తేడా మొత్తం ప్రయాణంలో ఇంచుమించు పావు నుంచి మూడో వంతు దాకా ఉండాలి. 120 మిల్లీమీటర్ల ప్రయాణానికి 30 నుంచి 40 చాలు. ఎక్కువ కుంగితే స్ప్రింగు పైన చిన్న గొట్టపు ముక్క చేర్చాలి. స్ప్రింగే అలసిపోతే దాన్ని మార్చాలి.

తర్వాతి కాలపు కార్ట్‌రిడ్జ్ ఫోర్కులు రంధ్రాల స్థానంలో పలుచని ఉక్కు బిళ్లలు పెట్టాయి. ఒత్తిడి పెరిగితే అవి వంగి నూనెకు దారిస్తాయి. అటువంటి చాలా ఫోర్కుల్లో సర్దుబాటు బయటి మరకు వచ్చింది. పాత ఫోర్క్‌లో అది ఇప్పటికీ నూనె చిక్కదనంలో, దాని మట్టంలో, స్ప్రింగు పైన పెట్టే ఆ చిన్న ముక్కలోనే ఉంది.