జానెడు పెట్టెల పాలమూరు రైలు

బొమ్మల కొలువు పెట్టే ఇల్లాలికి ఊరు కట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. మెట్లు ఎన్నో, ఏ మెట్టు మీద ఎవరో, కింద ఇసక పోసి ఆవాలు మొలిపించిన పచ్చిక ఎంత మేరో, అద్దం ముక్క చెరువు ఎక్కడో, అంతా ఆవిడ మనసులో ముందే ఉంటుంది. ఆ చెరువు పక్కన ఓ రేకు రైలు కూడా నిలబెడుతుంది. అది ఎక్కణ్ణించి వచ్చిందో, ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరూ అడగరు. అడిగి, జవాబు వెతికి, ఆ జవాబు ప్రకారం పట్టాలు పరిచారనుకోండి, దాన్నే మోడల్ రైల్వే అంటారు.

ఇదేదో మగపిల్లల సరదా అనుకుంటాం గాని, దీని పుట్టుక వంటింటి సామాను దగ్గరే. జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్ళో 1859లో మెర్క్లిన్ అనే రేకుపనివాడు బొమ్మరిళ్ళకు చిట్టి వంటగిన్నెలు చేయడం మొదలుపెట్టాడు. ఆ సరుకు పట్టుకుని ఊరూరా తిరిగి అమ్మింది ఆయన భార్య కరోలిన్. ఆడవాళ్ళు ఒంటరిగా ప్రయాణాలు చేయని ఆ రోజుల్లో! 1866లో భర్త పోయాక ఆ వ్యాపారాన్ని దాదాపు ఇరవయ్యేళ్ళు ఆవిడే నిలబెట్టింది. తర్వాత కొడుకులు అందుకుని, 1891లో లైప్జిగ్ సంతలో ఎనిమిది అంకె ఆకారంలో పట్టాలు పరిచి, కీ ఇస్తే నడిచే రైలును చూపించారు. అందులో అసలు గొప్ప రైలుది కాదు. పట్టాల వెడల్పుకు ఫలానా కొలత అని నిర్ణయించడం గొప్ప. దాంతో ఈ ఏడు ఒక ఇంజను, వచ్చే ఏడు రెండు పెట్టెలు, ఆపై ఏడు నాలుగు పట్టాలు, స్టీలు గిన్నెలు ఒక్కొక్కటే కూడబెట్టుకున్నట్టు కొనుక్కోవచ్చు. 1920లో ఇంగ్లండులో హార్న్‌బీ రైళ్ళు వచ్చాయి. అక్కణ్ణించి ఈ సరదా బల్లల మీదికెక్కింది.

మన దేశంలో దీనికి రాజభోగమూ పట్టింది. గ్వాలియర్ సింధియా మహారాజుల భోజనాల బల్ల చుట్టూ వెండి రైలు తిరుగుతూ అతిథులకు సీసాలు, చుట్టలు అందించేది. సీసా ఎత్తితే బండి ఆగేది! సామాన్యుల కోసమైతే పుణెలో జోషీస్ చిన్న రైళ్ళ మ్యూజియం 1998 నుంచి ఉంది. సిగ్నళ్ళు, వంతెనలు, కొండ రైళ్ళు అన్నీ అక్కడ ఒక్క గదిలో కదులుతాయి.

సరే, పాలమూరులోనో నల్లగొండలోనో ఉన్న ఇంట్లో ఇలాంటిది కట్టాలంటే ఏ రైలు కట్టాలి? చాలామంది కొన్న డబ్బా మీద ఏ బొమ్మ ఉంటే అదే కట్టేస్తారు. మంచు కొండలు, ఎర్ర పెంకుల యూరపు ఊళ్ళు వచ్చి కూర్చుంటాయి. మన గడ్డ మీద నడిచిన రైళ్ళకు ఏం తక్కువైంది చెప్పండి?

నిజాం రైల్వే మొదటి దారి 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అప్పటికి చిన్న పిల్లవాడు. రాజ్యం నడిపింది సాలార్‌జంగు. 1886లో ఆ దారి వరంగల్లు వైపు సాగింది, 1889లో బెజవాడ చేరింది. బీబీనగరం, భువనగిరి, ఆలేరు ఆ దారిలోనివే. కాని నల్లగొండ పట్నానికి మాత్రం రైలు కూత దూరపు చుట్టమే అయింది. బీబీనగరం నుంచి నడికుడికి వేసే దారికి 1974లో శంకుస్థాపన జరిగితే, అది పూర్తయ్యేసరికి 1980లు గడిచిపోవచ్చాయి. వలిగొండ, రామన్నపేట, చిట్యాల, నల్లగొండ, మిర్యాలగూడ... ఇంచుమించు వందేళ్ళు ఎదురుచూసిన ఊళ్ళు.

పాలమూరు కథ వేరు. 1916లోనే సికిందరాబాదు నుంచి గద్వాల వైపు మీటర్ గేజి దారి పడింది. 1920ల చివరకు కర్నూలు చేరింది. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, కురుమూర్తి, వనపర్తి రోడ్డు, గద్వాల – పేర్లు చదువుతూంటేనే బండి కదిలినట్టుంటుంది. 1990ల్లో ఆ పట్టాలు పీకి బ్రాడ్ గేజి వేశారు. 2023 నాటికి సికిందరాబాదు, మహబూబ్‌నగర్‌ల మధ్య జంట లైను, కరెంటు తీగలు కూడా వచ్చాయి. మంచిదే. కాని ఆ చిన్న పట్టాల బండి ఇక ఎక్కడా కనిపించదు. దాన్ని మళ్ళీ నడపాలంటే మన ఇంటి బల్లే చోటు.

ఇప్పుడు లెక్కలు. భయపడకండి, చీటీపాట లెక్కల కంటే తేలికే. అన్నిటికంటే ఎక్కువ మంది వాడే కొలత అసలు రైలులో 87వ వంతు. మీటర్ గేజి అంటే పట్టాల మధ్య వెయ్యి మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే పదకొండున్నర. బజార్లో దొరికే 12 మిల్లీమీటర్ల పట్టా సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి 19 పైచిలుకు రావాలి. అయితే ఎక్కువగా దొరికేది పదహారున్నర. అది యూరపు, అమెరికాల పట్టా వెడల్పుకు లెక్క. కొంచెం సర్దుకోవాలి. ఒక పెట్టె సుమారు జానెడు పొడుగుంటుంది. ఆరు పెట్టెలు, ఒక ఇంజను కలిపితే ఐదడుగులు దాటుతుంది.

ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు ఒకటి చాలు అంటారు. చాలుతుంది, కాని ఆశకు హద్దు ఉండాలి. బండి పట్టు తప్పకుండా తిరగాలంటే మలుపు మూడడుగుల అడ్డం ఉండాలి. అంచులు వదిలితే షీటు వెడల్పు దానికే సరి. ఒక పట్టా మీదుగా ఇంకో పట్టా దాటించాలంటే మూడంగుళాల ఎత్తు ఎక్కాలి. నూరుకు రెండు చొప్పున ఎక్కితే అందుకే పన్నెండున్నర అడుగులు కావాలి. ఇక షీటును గోడకు ఆనించి పెట్టారో, మూలలో బోల్తాపడ్డ పెట్టెను తీయడం దేవుడి గూట్లో వెనక వరస పటాలు తుడవడం లాంటిదే. చెయ్యి రెండున్నర అడుగులకు మించి అందదు.

కాబట్టి దారి మొత్తం కట్టబోకండి. నూరు కిలోమీటర్లను 87వ వంతు చేసినా కిలోమీటరు దాటుతుంది, మన వీధి చాలదు! ముగ్గులో ముందు చుక్కలు పెట్టినట్టు రెండు స్టేషన్లు ఎంచుకోండి. జడ్చర్ల ఒకటి, మహబూబ్‌నగర్ ఒకటి. పాత వార్తాపత్రికలు అతికించి నేల మీద పరిచి, అసలు సైజులోనే బొగ్గుముక్కతో గీయండి. చెరిపినా ఖర్చు లేదు.

అయితే పట్టాలు గీసే ముందు ఇంకో గీత గీయాలి. నీళ్ళ గీత.

మన మెట్ట నేలల సంగతి మీకు తెలుసు. వాగు అంటే పదకొండు నెలలు ఇసక. పిల్లలు ఆడుకుంటారు, మేకలు దాటుతాయి. కాని ఎగువన గొలుసుకట్టు చెరువులుంటాయి. పై కుంటకు గండి పడితే నీళ్ళు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగితే ఒక్క రాత్రిలో వాగు ఏరవుతుంది. రైలు కట్ట చూడ్డానికి చెరువు కట్టలాగే ఉంటుంది గాని, నీళ్ళను ఆపడానికి కట్టింది కాదు. దాని కింద వదిలిన కానాలు చాలకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతం రెండేళ్ళలో రెండుసార్లు చూసింది. 1954 సెప్టెంబరులో జనగామ దగ్గర వానల్లో వంతెన కూలి నూరు మందికి పైగా పోయారు. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వంతెన కూలి ప్రయాణికుల బండి పడిపోయింది. అక్కడా నూరు మందికి పైనే. అప్పటికి ఇది హైదరాబాదు రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ ఏర్పడడానికి రెండు నెలల ముందు.

రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తానన్నారు. నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులోనే తమిళ దేశంలో అరియలూరు దగ్గర, మళ్ళీ వరదే, మళ్ళీ వంతెనే, నూటనలభై మందికి పైగా పోయారు. ఈసారి శాస్త్రిగారు రాజీనామా ఇచ్చారు, అది ఆమోదం పొందింది. ఆ రాజీనామా ఈనాటికీ అందరికీ తెలుసు. దానికి ముందు పాలమూరు వాగు ఉందన్న మాటే చాలామందికి తెలియదు.

అందుకే జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల దారి కట్టేవాళ్ళు ముందు వాగు తవ్వాలి. షీటు కింద చెక్క తగ్గించి లోయ చేయండి. అసలు ఇసకే పోసి, నడుమ సన్నని నీటి చార గీయండి. పెద్ద నది మీద ఇనుప వంతెన అందంగా ఉంటుంది, అందరూ అదే కడతారు. మీరు చిన్న కానాలూ కట్టండి, కట్ట పొడుగునా నాలుగైదు. గుట్టలకు వీధిలో ఏరిన నల్లరాళ్ళు పనికొస్తాయి. చెల్క నేలకు జల్లించిన ఎర్రమన్ను, సీతాఫలం పొదలకు ఎండిన తులసి కొమ్మలు, తాటిచెట్లకు చీపురు పుల్లలు. ఇళ్ళు చెక్కడానికి నిర్మల బొమ్మలకు వాడే పొణికి కర్ర తేలిగ్గా ఉంటుంది.

ప్లాట్‌ఫారం మీద టోపీ పెట్టుకున్న దొరలూ, పెట్టెలు మోసే కూలీలూ డబ్బాలో వస్తారు. వాళ్ళతో పాటు మనవాళ్ళనూ నిలబెట్టండి. మూటలు, గిన్నెలు, చంకలో బిడ్డ, కొంగు నడుముకు చెక్కిన ఆడవాళ్ళు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. ఆనకట్టల మీద పేర్లు వేరేవాళ్ళవి ఉంటాయి. ఈ బల్ల మీదైనా వాళ్ళకో చోటు ఇవ్వొచ్చు.

పని పూర్తయ్యాక వాగు వంతెన పక్కన చిన్న రాయి నిలిపి, దాని మీద 1956 అని రాయండి. ఇంటికొచ్చిన పిల్లలు ముందు ఇంజను చూస్తారు, తర్వాత దీపాలు చూస్తారు. ఆ పైన ఎవరో ఒకరు ఆ అంకె ఏమిటని అడుగుతారు. బండి ఆపి చెప్పండి.